గూటి ఆటను యుద్ధాల్లో పెట్టిన నక్క

తూముగుట్ట అడవికి సెల్ టవర్ వచ్చింది. జంతువులకు ఫోన్లు వచ్చాయి, ఫోన్లతో పాటే ఆటల పిచ్చీ వచ్చింది. పిచ్చి ఉన్నచోట బేరం ఉంటుంది కనుక నక్క ఆన్‌లైన్‌లో ఒక ఆటల కొట్టు తెరిచింది. కొట్టు నిండా అరలు: యుద్ధాలు, పరుగు పందేలు, పిల్లల ఆటలు, నింపాది ఆటలు. ఏ ఆట ఏ అరలో ఉండాలో తేల్చేది నక్క. అమ్మిన ప్రతి ఆటలోనూ వాటా తీసుకునేదీ నక్కే. ఇక న్యాయం ఎలా నడిచి ఉంటుందో మీకు నేను చెప్పాలా?

గిజిగాడు ఒక ఆట తయారు చేశాడు. గడ్డిపోచలు ఏరుకురావాలి, ముడి వెయ్యాలి, గూడు అల్లాలి. గాలి వీస్తే సగం ఊడిపోతుంది, మళ్ళీ అల్లాలి. తొందరపడ్డవాడు ఓడిపోతాడు. ఈ ఆట కోసం గిజిగాడు ఆ ఏడు సొంత గూడు కట్టుకోలేదు. గూడు లేని గిజిగాడి మొహం ఏ ఆడపిట్ట చూస్తుంది? జత కూడా లేకుండా వానాకాలమంతా తడుస్తూ కూర్చుని చేశాడు.

తీరా కొట్టులో చూస్తే ఆట యుద్ధాల అరలో ఉంది.

"నక్క బావా, ఇదేం పని? నా ఆటలో యుద్ధం ఎక్కడుంది?"

"గాలితో పోరాటం యుద్ధం కాదేంట్రా?"

"నేతిబీరకాయలో నెయ్యి ఎంతో నా ఆటలో యుద్ధం అంత! నింపాది ఆటల్లో పెట్టు."

"ఆ అరలోకి ఈగ కూడా రాదు. యుద్ధాల దగ్గర చూడు, తిరునాళ్ళే! నీ మంచికే చెబుతున్నా."

"కొన్నవాళ్ళు తిడితే?"

"తిట్టేది కొన్నాకే కదా" అని నక్క తోక ఊపుకుంటూ పోయింది.

తోడేళ్ళు కొన్నాయి. పెద్ద తోడేలు కాసేపు ఆడి ఫోను నేలకేసి కొట్టింది. "చంపుదామంటే ఒక్కడూ లేడు! నా చేత గడ్డి ఏరిస్తాడా వీడు?" అని ఒక్క స్టార్ ఇచ్చి, కింద 'మోసగాడు' అని రాసింది. ఒక తోడేలు ఊళ వేస్తే మంద ఊరుకుంటుందా? ఆట ముట్టుకోని తోడేళ్ళు కూడా వచ్చి తిట్లు రాసి పోయాయి.

అదే వేళ గేదె నింపాది ఆటల అరలో వెతుకుతోంది. "నెమరేస్తూ ఆడుకునే ఆట ఒక్కటైనా పెట్టలేదేంటమ్మా వీళ్ళు" అని గొణుక్కుని ఫోను పక్కన పడేసింది. ఎవరి కోసం ఆ ఆట పుట్టిందో వాళ్ళ కంటికే అది పడలేదు. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

నక్క కబురు పెట్టి గిజిగాణ్ణి పిలిపించింది. "తిట్లు మితిమీరాయిరా. రేపు పొద్దున అందరి ముందూ నీ ఆటను కొట్టులోంచి తీసేస్తున్నా. మళ్ళీ పెట్టేది లేదు."

"తప్పు అరలో పెట్టింది నువ్వు!"

"అర ఏదైతేనేం? ఆట మీద పడ్డ తిట్లు ఆట చేసినవాడివే. కొట్టుకు సంబంధం లేదు. అది రూలు."

గిజిగాడికి కోపం వచ్చింది. ఏడుపు కూడా వచ్చింది, కానీ నక్క ముందు ఏడవడం ఇష్టం లేక ఎగిరిపోయాడు. దారిలో ఎలుగుబంటి ఎదురైంది. చేతిలో ఫోను, కళ్ళల్లో నిప్పులు.

"పిల్లల ఆటల్లో ఉంటే మా బుడ్డోడికి కొనిచ్చానురా. తెరిస్తే కోళ్ళ మెడలు కొరికే ఆట, తెరంతా నెత్తురు! వాడు ఈక కనబడితే కెవ్వుమంటున్నాడు. ముద్ద మింగడం లేదు. ఆ నక్కను చీల్చేస్తాను!"

గిజిగాడు ఆ ఫోను వంక చూశాడు. ఆట పేరు కింద 'తయారీ: నక్క' అని ఉంది. కోడిపిల్లలు కనిపిస్తాయన్న సాకుతో నక్క తన ఆటను పిల్లల అరలోకి కూడా తోసింది.

"రేపటి దాకా ఓపిక పట్టక్కా. ముందు నేనొక మాట అడుగుతాను. జవాబు దాని నోటే రావాలి. ఆ తర్వాత నీ ఇష్టం."

తెల్లారేసరికి అడవంతా నక్క బొరియ ముందు చేరింది. ఎలుగుబంటి అందరి వెనకా నిలబడింది. గిజిగాడు ముందుకొచ్చాడు.

"తీసేద్దువుగాని బావా. ఆ రూలేదో అందరికీ ఒకసారి చెప్పు."

నక్క గొంతు సవరించుకుంది. "అర ఏదైనా సరే, తిట్లు ఆట చేసినవాడివే!"

"విన్నావా ఎలుగక్కా?"

గుంపును తోసుకుంటూ ఎలుగుబంటి వచ్చి నక్క మూతి ముందు ఫోను పెట్టింది. "మా పిల్లాణ్ణి హడలగొట్టిన ఈ ఆట చేసిందెవరు?"

నక్క తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయింది. ఎలుగుబంటి పంజా పైకి లేచేసరికి నక్క దాని కాళ్ళ మీద పడింది. "ఆటలో తప్పు లేదక్కా! అది పెద్దవాళ్ళ ఆట. అర తప్పింది, అంతే!"

"అర పెట్టిందెవరు?"

ముందు నుయ్యి, వెనక గొయ్యి. "నేనే" అంది నక్క.

"మరి నా ఆటకు అర పెట్టిందెవరు?" అని గిజిగాడు అరిచాడు. అంత చిన్న గొంతులోంచి అంత అరుపు వస్తుందని ఎవరూ అనుకోలేదు. "ఆ తిట్లు ఎవరివి? చెప్పు!"

గేదె తోడేళ్ళ వైపు కొమ్ములు తిప్పి, "మీరు తిట్టాల్సింది ఎవర్నిరా?" అని అడిగింది. అవి తలలు దించుకున్నాయి.

ఆ పూటే గూటి ఆట నింపాది ఆటల్లోకి వెళ్ళింది. అరలు పెట్టే పని నక్క చేతిలోంచి పోయింది. ఎలుగుబంటి అంతటితో వదల్లేదు. గూటి ఆట కింద తోడేళ్ళు రాసిన తిట్లన్నీ నక్క చేతే బిగ్గరగా చదివించింది, గిజిగాడి పేరున్న ప్రతిచోటా నక్క పేరు పెట్టించి. గొంతు తగ్గినప్పుడల్లా వీపు మీద ఒక్కటి ఇచ్చింది.

నీతి: సరుకును తప్పుడు గంపలో వేసి అమ్మినవాడే కొన్నవాడి తిట్లూ మొయ్యాలి.