సన్యాసిరావు ఏడు కంప్యూటర్లు

అనగనగా, పెద్ద రైళ్ళేవీ ఆగని ఒక చిన్న ఊళ్ళో సన్యాసిరావు, సత్యవేణి అని మొగుడూ పెళ్ళాలు ఉండేవారు. దుప్పటి సరిగ్గా కప్పుకో చిట్టీ, చెబుతాను.

సన్యాసిరావుకి బజార్లో నెట్ సెంటర్ ఉండేది. అంటే ఏడు కంప్యూటర్లు పెట్టిన కొట్టన్నమాట. అప్పట్లో అందరి చేతుల్లో ఫోన్లు లేవు కదా. పరీక్ష ఫలితాలు చూడాలన్నా, ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాలన్నా ఊరు ఊరంతా ఆ కొట్టుకే వచ్చేది. ఆ తర్వాత ఫోన్లొచ్చాయి. జనం రావడం మానేశారు. అప్పుడు సన్యాసిరావు కొట్టు మూసేసి, ఏడు కంప్యూటర్లనీ ఇంటికి తెచ్చి వెనక గదిలో పెట్టాడు.

పెట్టి ఎనిమిదేళ్ళయింది! గదినిండా వీపులు పొడుచుకొచ్చిన పాతకాలం తెరలు, డబ్బాలు, చిక్కుపడిన వైర్లు. వాటి సందుల్లో ఎలుక పిల్లల్ని పెట్టింది. దుమ్ము దులిపీ దులిపీ సత్యవేణికి ప్రాణం విసిగింది. "ఏవండీ, వీటినేం చేద్దామండీ?" అని అడిగితే, ఆయన పేపర్లోంచి తలెత్తకుండా "ఉండనీవే" అనేవాడు. ఉగాదికి అడిగినా ఉండనీవే. దసరాకి అడిగినా ఉండనీవే. ఎందుకుండాలో మాత్రం చెప్పడు.

అలా ఉండగా కూతురు పావని పురిటికి వస్తున్నానని కబురు చేసింది. తొలిచూలు. ఇంట్లో ఉన్నవే రెండు గదులు. ముందు గదిలో వీధి చప్పుడు. మరి బాలింతనీ పసిగుడ్డునీ ఎక్కడ పడుకోబెట్టాలి, కంప్యూటర్ల మీదా? ఇంక పదిహేను రోజులే ఉంది. "ఈయన్ని నమ్ముకుంటే నా మనవడో మనవరాలో వైర్ల ఉయ్యాల్లో ఊగాల్సిందే" అనుకుని సత్యవేణి కొంగు బిగించింది.

మొదట బడికి వెళ్ళింది. "కంప్యూటర్లు ఊరికే ఇస్తాను, పిల్లలకి పనికొస్తాయి, తీసుకోండి" అంది. హెడ్మాస్టరు ఒక గది తాళం తీసి చూపించాడు. లోపల పద్నాలుగు కంప్యూటర్లు బూజు కప్పుకుని కూర్చున్నాయి. "ఒక్కటీ పలకదమ్మా. కావాలంటే మీరే వీటిని పట్టుకెళ్ళండి" అన్నాడు.

ఆ తర్వాత చెత్తబండి పోలమ్మని ఆపింది. పోలమ్మ గుమ్మంలో పెట్టిన కంప్యూటర్ డబ్బాని చుట్టూ తిరిగి చూసింది. "తడిచెత్త ఆకుపచ్చ డబ్బాలో. పొడిచెత్త నీలం డబ్బాలో. ఇది ఏ డబ్బాలో వెయ్యమంటావమ్మా?" అంది.

"పొడిగానే ఉంది కదే!"

"పొడిగా ఉన్నదల్లా పొడిచెత్త అయిపోద్దేటి? నన్ను తిడతారు" అని బండి తోసుకుంటూ వెళ్ళిపోయింది.

మూడోసారి పాత ఇనప సామాన్ల ఎర్రయ్య కేక వినబడింది. సన్యాసిరావు క్షవరానికి వెళ్ళాడు. ఇదే సమయం అనుకుంది సత్యవేణి. ఏడు తెరలు, ఏడు డబ్బాలు, వైర్లు అన్నీ ఎర్రయ్య రిక్షా ఎక్కేశాయి. అప్పుడు సత్యవేణి గది రెండుసార్లు కడిగి, ముగ్గు కూడా పెట్టింది.

సన్యాసిరావు వచ్చి చూశాడు. ఆయన ముఖం పాలిపోయింది. "ఎవరికిచ్చావు?" అన్నాడు. ఎర్రయ్య పేరు చెప్పగానే వచ్చినవాడు వచ్చినట్టే పరుగెత్తాడు.

"ఏవండీ, చెప్పులైనా వేసుకోండి!" అని సత్యవేణి తాళం పెట్టి వెనకే పరుగెత్తింది. ఒళ్ళంతా మండిపోతోంది ఆవిడకి. చచ్చిన కంప్యూటర్ల కోసం ఎండలో పరుగేమిటి చెప్పు?

ఎర్రయ్య గుడిసె రైలు గేటు అవతల ఉంది. గుమ్మం ముందు వైర్ల కుప్ప కాలుతోంది. నల్లటి పొగ. కళ్ళు మండాయి, గొంతు పట్టేసింది. ఆ పొగలో ఎర్రయ్య పెళ్ళాం నూకాలు కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, కర్రతో మంటని కదుపుతోంది. ఆ పిల్లకి ఎనిమిదో నెల.

"ఇదేం పనే తల్లీ, కడుపుతో ఉండి?" అంది సత్యవేణి.

"పై తొడుగు కాలితేనే గాని లోపల రాగి రాదమ్మా" అని దగ్గింది నూకాలు. దగ్గి, పొట్ట పట్టుకుని కూర్చుండిపోయింది.

సత్యవేణి మంటకేసి చూసింది. కాలుతున్నవి తన ఇంటి వైర్లే. నా కూతురికి గది కావాలని, ఈ పిల్లకి పొగ పెట్టానా అనుకుంది. అప్పుడు పక్కనున్న బిందె ఎత్తి నీళ్ళన్నీ మంట మీద కుమ్మరించింది.

అవతల సన్యాసిరావు రిక్షా పట్టుకుని వేలాడుతున్నాడు. "నావి నాకిచ్చెయ్" అంటాడు. "కొన్నాక ఇదేం పేచీ బాబూ" అంటాడు ఎర్రయ్య. అది చూసేసరికి సత్యవేణి ఓపిక కాస్తా తెగిపోయింది.

"ఏముందండీ వాటిలో? లంకెబిందెలున్నాయా?"

"ఊరివాళ్ళ కాగితాలున్నాయే" అన్నాడు సన్యాసిరావు. "మార్కుల లిస్టులు, ఆధార్ కార్డులు, ఆడపిల్లల ఫొటోలు. నన్ను నమ్మి ఇచ్చారు. ఎవడి చేతిలోనైనా పడితే?"

సత్యవేణి నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది. "ఆ ముక్క ఎనిమిదేళ్ళ కిందటే చెప్పకూడదూ! మనసులో మాట కూడా పాత సామానేనా, మూటగట్టి అటకెక్కించడానికి?"

ఆ తర్వాత ఎర్రయ్య ఇచ్చిన డబ్బు ఎర్రయ్యకి తిరిగి ఇచ్చేసి, కాలగా మిగిలినవన్నీ ఇంటికి తోలించింది. కష్టపడి వదిలించుకున్నవాటిని తనే వెనక్కి తెచ్చుకుంది చూశావా! దారంతా ఆయన్ని తిడుతూనే ఉంది. ఆయన వెనకనుంచి రిక్షా తోస్తూ నడిచాడు.

కంప్యూటర్ డబ్బా లోపల అరచేతిలో పట్టేంత ఇనప బిళ్ళ ఉంటుంది. హార్డ్ డిస్కు అంటారు. దాచినవన్నీ అందులోనే ఉంటాయి. దాన్ని తుక్కు చేసేస్తే ఇంకెవరూ చదవలేరు. ఆ సంగతి సన్యాసిరావుకి తెలుసు.

"తెలిసి ఇన్నేళ్ళూ ఎందుకు పగలగొట్టలేదండీ?"

"చెయ్యి రాలేదే" అన్నాడాయన.

"నాకొస్తుంది" అంది సత్యవేణి. సుత్తి తీసుకుని పెరట్లో బట్టలుతికే బండ దగ్గర కూర్చుంది. ఆయన మరలు విప్పి ఒక్కొక్క బిళ్ళా అందించాడు. ఒక్కో దెబ్బకీ ఒక్కో ఏడాది విసుగు దిగింది ఆవిడకి. పక్కింటివాళ్ళు గోడ మీంచి తొంగి చూశారు. ఆరు బిళ్ళలయ్యాక సన్యాసిరావు సుత్తి కోసం చెయ్యి చాచాడు. ఏడోది ఆయనే కొట్టాడు. మొదటి దెబ్బ మెత్తగా తగిలింది. రెండోది కాస్త గట్టిగా పడింది. మూడో దెబ్బకి పగిలింది.

ఆ తర్వాత మిగతా డబ్బాలు ఎవరు తీసుకుంటారని ఫోన్లు చేశారు. మొదటి చోట ఎవరూ ఎత్తలేదు. రెండో చోట రేపు చెయ్యమన్నారు, నాలుగు రోజులూ రేపే చెయ్యమన్నారు. మూడో చోట మాత్రం, పాత కంప్యూటర్లని పొగ పెట్టకుండా విడదీసేవాళ్ళు దొరికారు. గురువారం పట్నానికి తెస్తే తీసుకుంటామన్నారు. ఎర్రయ్య రిక్షాలోనే స్టేషను దాకా, అక్కణ్ణుంచి ప్యాసింజరు రైల్లో మోసుకెళ్ళారు. ఎర్రయ్య కూడా వెళ్ళాడు. వాళ్ళు వైర్లని కాల్చకుండానే కొంటారని తెలుసుకుని వచ్చాడు. ఎల్లకాలం మంట మానేశాడో లేదో నాకు తెలీదు గానీ, నూకాలు కనేదాకా ఆ గుమ్మం ముందు పొగ లేవలేదు.

పావని వచ్చింది. పది రోజులకి ఆడపిల్లని కన్నది. వెనక గదిలో ఇప్పుడు మంచం ఉంది, ఉయ్యాల ఉంది, సాంబ్రాణి వాసన ఉంది.

ఒక మధ్యాహ్నం తల్లీబిడ్డలు నిద్రపోతున్నారు. సన్యాసిరావు గడప మీద కూర్చుని, ఎవరూ అడక్కుండానే మాట్లాడాడు.

"కొట్లో కిటికీ పక్క కంప్యూటర్ దగ్గర ఒకసారి ఏమైందో తెలుసా? ఒక పిల్ల పరీక్ష ఫలితాల్లో తన నంబరు లేదని భోరున ఏడ్చింది. నేను చీటీ తీసుకుని చూశాను. ఏడంకెని ఒకటనుకుని కొట్టింది పిచ్చిపిల్ల..."

పొయ్యి మీద పులుసు మాడిన వాసన వచ్చింది. సత్యవేణి అటు వెళ్ళలేదు. విసుక్కోలేదు. ఆయన పక్కనే చతికిలబడి, "ఊఁ, ఆ తర్వాత?" అంది.

పెట్టెలెళ్ళాయి పట్నానికి,
గది మిగిలింది పాపాయికి,
కథ నడిచింది కంచికి,
మనం ఒరుగుదాం మంచానికి.