అద్దం గుడ్డ

చీరాల మొత్తం మీద ఇంట్లో ప్రొజెక్టర్ బిగించడంలో నా అంతటివాడు లేడు. పోటీకి ఇంకొకడు లేడనుకోండి, అది వేరే సంగతి. ఉన్న ఒక్కాయన నా గురువు. ఆయన చేత ఆ పని మాన్పించింది నేనే.

ఆయన పేరు సిలార్ సాహెబు. ముప్పై నాలుగేళ్ళు టాకీసులో ఆపరేటరు. టాకీసు మూతపడి కల్యాణ మండపం అయ్యాక, ఊళ్ళోవాళ్ళు మేడమీద గదుల్లో చిన్న ప్రొజెక్టర్లు పెట్టించుకోవడం మొదలుపెట్టారు. అందరూ ఆయన్నే పిలిచేవాళ్ళు. "ఇది సిలార్ సాహెబు పెట్టిన బొమ్మ" అని చుట్టాలకి చూపించుకునేవాళ్ళు. ఆయనకి ఆ మాట చాలు.

నా పేరు భావనారాయణ. ఆయన "భావన్నా" అని పిలిచేవారు. డెబ్భై ఏళ్ళాయన నన్ను అన్నా అంటున్నాడని చాలా రోజులు గర్వపడ్డాను.

చేరిన మొదటి రోజు, దూరాలు కొలిచే లేజరు ఒకటి, ఫోనులో మూడు యాప్‌లు వేసుకుని వెళ్ళాను. ఆయన వాటి వైపు చూడనైనా లేదు. చిన్న రేకు డబ్బా తీసి నా చేతిలో పెట్టారు. లోపల ఉతికి ఉతికి మెత్తబడ్డ పంచె ముక్క, నాలుగు మడతల్లో ఉంది.

"అద్దం గుడ్డ నీది. స్క్రూడ్రైవరు నాది."

"అంతేనా గురువుగారూ?"

"లెన్సు మూత తీశాక, లైటు వేసే ముందు, తుడవాలి. అంతే."

"తుడవడానికి నేనెందుకండీ, మా అమ్మయితే ఇంకా బాగా తుడుస్తుంది."

"అయితే అమ్మనడిగి నేర్చుకుని రా" అన్నారు.

ఆయన పని చూస్తే నాకు నవ్వొచ్చేది. గోడకి ప్రొజెక్టరు పెట్టే చెక్క బిగించాక, అది సమంగా ఉందో లేదో తెలియడానికి ఫోను పెడితే సరిపోయేది. ఊహూఁ. అంచుదాకా నీళ్ళు పోసిన స్టీలు పళ్ళెం పెట్టేవారు. నీళ్ళు ఏ వైపు ఒలికితే ఆ వైపు కింద అట్టముక్క దోపేవారు.

"చేపలు కూడా వేస్తారా గురువుగారూ?"

"నువ్వు నోరు మూస్తే నీళ్ళు కదలకుండా ఉంటాయి."

బొమ్మ ఒక పక్క వెడల్పుగా, ఒక పక్క సన్నగా పడితే నేను రిమోటు తీసేవాణ్ణి. నాలుగు మూలలూ లాగి సరిచేసే బటన్ అందులోనే ఉంటుంది. ఆయన రిమోటు మెల్లగా లాక్కుని, ప్రొజెక్టరునే ఒక వేలెడు జరిపేవారు. మళ్ళీ తెర దగ్గరికి వెళ్ళి చూసి, వచ్చి, ఇంకో గోరెడు జరిపేవారు.

"బటన్ ఉండగా ఈ తిప్పలెందుకండీ?"

"బొమ్మని లాగితే బొమ్మ నలుగుద్ది భావన్నా. మనం జరగాలి."

ఇలాంటి మాటలు ఆయన చాలా చెప్పారు. నేను వాటన్నిటినీ ఆయన గొంతుతో మిత్రులకి చెప్పి నవ్వించేవాణ్ణి. బాగానే చేసేవాణ్ణి కూడా.

ఆ ఏడు ఆయన ఎడమ కంటికి శుక్లాల ఆపరేషన్ అయింది. నెల తిరక్కుండా ఊళ్ళో గుసగుస మొదలైంది. సిలార్ సాహెబుకి ఇంక చూపు ఆనదట, బొమ్మ కుదరదట. ఆ మాట ఆయన చెవిన పడింది. నూలు వ్యాపారి దామర్ల రంగనాయకులు గారు పిలిస్తే, డాక్టరు చెప్పిన విశ్రాంతి గడువు ఇంకా వారం ఉండగానే ఒప్పుకున్నారు.

"ఈ ఒక్క ఇల్లు బాగా రావాలి" అన్నారు నాతో. ఆయన అలా అనడం నేనెప్పుడూ వినలేదు.

రంగనాయకులు గారి మేడమీద గది. పగలు పదకొండు గంటలు. మందపాటి తెరలు వేసి చీకటి చేశారు. రంగనాయకులు గారు, ఆయన ఇద్దరు బావమరుదులు సోఫాలో కూర్చున్నారు. బొమ్మ నచ్చితే ఆ బావమరుదులు కూడా పెట్టించుకుందామని వచ్చారు.

గురువుగారు పళ్ళెం పెట్టారు, నీళ్ళు చూశారు, ప్రొజెక్టరు పెట్టారు. నేను మూత తీశాను. ఆయన లైటు వేశారు.

బొమ్మ పడింది. నాలుగు మూలలూ గీత గీసినట్టు కుదిరాయి. కానీ మధ్యలో పొగమంచు పట్టినట్టుంది.

ఆయన నిచ్చెన మీద నుంచుని ఫోకసు రింగు ఇటు తిప్పారు. అటు తిప్పారు. అక్షరాల అంచులు తేరుకున్నాయి గాని, మంచు మాత్రం పోలేదు. కళ్ళు చిట్లించి తెర వైపు చూశారు. మళ్ళీ తిప్పారు.

"ఏంటి సాహెబూ, మసగ్గా ఉందే" అన్నారు రంగనాయకులు గారు.

గదిలో ఇబ్బందిగా ఉంది. ఇబ్బందిగా ఉన్నచోట నేను ఊరుకోలేను. అది నా జబ్బు.

"గురువుగారికి ఆపరేషన్ ఎడమ కంటికే అయిందండీ" అన్నాను. "కుడిది ఇంకా బ్లాక్ అండ్ వైట్‌లోనే ఉంది."

బావమరుదులిద్దరూ పడీపడీ నవ్వారు. రంగనాయకులు గారు కూడా నవ్వారు. తరవాత నవ్వడం ఆపి, కాసేపు గురువుగారి వీపు వైపే చూశారు.

"సాహెబూ, మీరు దిగండి. పెద్దవారు, ఎందుకీ శ్రమ. అబ్బాయ్, నువ్వు చూడు."

గురువుగారు ఒక్కో మెట్టూ కాలితో తడుముకుంటూ దిగారు. నేను చకచకా ఎక్కాను. పక్కనుంచి లెన్సు వైపు వంగి చూశాను.

ఒక్క క్షణం తెర మొత్తం నల్లబడింది. మళ్ళీ వెలిగింది.

"ఏమైందిరా?" అన్నారు రంగనాయకులు గారు.

"రింగు సరిచేశానండీ" అన్నాను.

బొమ్మ కడిగిన గాజులా ఉంది. తెరమీద ఆకు కదిలితే ఈనెలు కనిపిస్తున్నాయి. "అదీ" అన్నారు పెద్ద బావమరిది. "మా ఇంటికి కూడా నువ్వే రా అబ్బాయ్" అన్నారు చిన్నాయన. ఆ రెండో వాక్యంలో 'నువ్వే' అన్నది గదిలో అందరికీ వినపడింది.

గురువుగారు గోడవార నుంచుని బొమ్మనే చూస్తున్నారు. "బాగుంది" అన్నారు. "చాలా బాగుంది."

నేను నిచ్చెన దిగాక దగ్గరికొచ్చి, నాకు మాత్రమే వినపడేట్టు అన్నారు:

"చొక్కాతో తుడవకు భావన్నా. గీత పడుద్ది. గుడ్డ నీ జేబులోనే ఉందిగా."

తెర ఎందుకు నల్లబడిందో ఆ గదిలో చదవగలిగింది ఆయన ఒక్కరే.

వీధిలోకి వచ్చాం. ఎండ కళ్ళలో పడకుండా ఆయన అరచెయ్యి అడ్డం పెట్టుకున్నారు. అప్పుడు అడిగాను.

"లోపల ఎందుకు చెప్పలేదు గురువుగారూ? లెన్సు నేను తుడవలేదని."

"నేనూ చూసుకోలేదుగా" అన్నారు. "గుడ్డ నీకిచ్చాక, అద్దం వైపు చూడ్డం మానేశా."

సంచిలోంచి స్క్రూడ్రైవరు తీశారు. చెక్క పిడి, ఆయన బొటనవేలి చోట గుంట పడి ఉంది. నా చొక్కా జేబులో పెట్టి, పైన ఒకసారి తట్టారు. తరవాత రిక్షా పిలిచి ఇంటికి వెళ్ళిపోయారు.

మళ్ళీ ఎవరింటికీ రాలేదు. పిలిచినవాళ్ళకి నా పేరు చెప్పేవారు. నేను వెళ్ళి కూర్చుంటే టీ ఇప్పించేవారు, ఎవరి బొమ్మ ఎలా వచ్చిందో అడిగేవారు. క్షమించమని అడగడానికి చాలాసార్లు వెళ్ళాను. వెళ్ళిన ప్రతిసారీ ఏదో ఒక జోకు వేసి వచ్చేశాను.

రెండేళ్ళకి ఆయన పోయారు. ఖబరస్తాను బయట రంగనాయకులు గారు నా భుజం మీద చెయ్యి వేశారు.

"మహా పనిమంతుడు. పాపం, చివర్లో చూపు దెబ్బతీసింది."

చెప్పడానికి అంతకంటే మంచి సమయం నాకు మళ్ళీ రాదు.

"అవునండీ" అన్నాను.

ఇప్పుడు మీకు చెబుతున్నాను. ఆ మసక దుమ్ము కాదు. లెన్సు మధ్యలో అచ్చంగా ఒక వేలిముద్ర, గీతలతో సహా. ఆ పొద్దున సంత దగ్గర నిలబడి మిరపకాయ బజ్జీలు తిని, చెయ్యి కడుక్కోకుండా మూత తీసిన కుడి బొటనవేలు నాది. ఇక గుడ్డ సంగతంటారా, వాడలేదని కాదు. రోజూ వాడేవాణ్ణి, నా చలవ కళ్ళద్దాలు తుడుచుకోవడానికి.