వాకిలి లేని ఇల్లు

తాపీపని నేర్పే వీరాచారికి ప్రశ్న వినగానే జవాబు చెప్పే అలవాటు లేదు. చెప్పులు వేసుకుని బయల్దేరతాడు. అడిగినవాడు వెంట నడవాల్సిందే.

ఒకరోజు ఉదయం శిష్యుడు కోటిలింగం అడిగాడు: "స్థలం కొనుక్కున్నవాడిది. అందులో మూడోవంతు కట్టకుండా వదిలెయ్యాలని మున్సిపాలిటీ వాళ్లు పట్టుబట్టడం ఏం న్యాయం గురువుగారూ?"

గురువు చెప్పులు వేసుకున్నాడు.

వాళ్లు వెళ్లింది పానకాలు ఇంటికి. ఆ పొద్దునే అతని తల్లి రావమ్మ పోయింది. మూడంతస్తుల ఇల్లు అది. ప్లానులో ముందువైపు ఆరడుగుల ఖాళీ చూపించి, అనుమతి రాగానే అక్కడా గది వేశారు. గుమ్మం దాటితే రోడ్డే. దీన్ని దురాశ అనడానికి నాకు నోరు రాదు. మోకాళ్ల నొప్పులతో మెట్లెక్కలేని తల్లి కోసమే పానకాలు ఆ గది వేయించాడు.

పోయిన మనిషికి వాకిట్లో స్నానం చేయించాలి. వాకిలేదీ? పక్కింట్లో ఖాళీ జాగా ఉంది గాని, పరాయి శవాన్ని గడపలోకి రానివ్వండని ఎవరడుగుతారు, ఎవరొప్పుకుంటారు? చివరికి రోడ్డు మీదే బల్ల వేశారు. నలుగురు ఆడవాళ్లు చుట్టూ చీరలు అడ్డం పట్టారు. ఒక ఆటోవాడు హారన్ కొట్టి, సంగతి తెలిశాక తల దించుకుని బండి వెనక్కి తిప్పుకున్నాడు. బతికినన్నాళ్లూ భుజం మీద కొంగు జారనివ్వని మనిషి రావమ్మ. గాలికి చీర లేచినప్పుడల్లా పానకాలు అటు వీపు పెట్టి, రెండు చేతులూ చాచి రోడ్డుకు అడ్డంగా నిలబడ్డాడు.

"నీకని గది కట్టానమ్మా," అన్నాడు. "నీకు చాటు లేకుండా చేశానమ్మా."

తిరిగి వచ్చేటప్పుడు కోటిలింగం "ఆ ఆరడుగులూ వదలమని అప్పుడు ఎవరూ చెప్పలేదా గురువుగారూ?" అన్నాడు.

"రావమ్మే చెప్పింది. 'నాకు గదెందుకు నాయనా, వాకిలుంచండి' అంది."

వీరాచారి ఆగి, చెప్పులో పడ్డ ఇసుక దులుపుకున్నాడు.

"ఆ గది పునాదికి ముగ్గు పోసింది నేనే."