పులి పొట్లంలో గోదురుకప్ప

ఇది అక్షరాలా జరిగిన సంగతి. కాదన్నవాళ్ళ నాలుక మీద పల్లేరుకాయలు మొలుస్తాయి. ఇదివరకే ఒకరికి మొలిచాయి కూడా.

చిట్టీతల గుట్ట మీద పోగులవ్వ అనే ముసలి సాలీడు ఉండేది. దాని గూడు ఏనుగు ఊయలూగినా తెగనంత గట్టిది. ప్రతి ప్రాణి ఒంట్లోనూ కంటికి కనపడని పోగు ఒకటి ఉంటుందట. తాతముత్తాతల నుంచి ఏం దిగింది, ఏ జబ్బు అంటుతుంది, ఏది అంటదు, అంతా అందులో నేసి ఉంటుంది. ఒక వెంట్రుకో తోలుముక్కో ఇస్తే చాలు, అవ్వ ఆ పోగు లాగి గూట్లో బిగించి, కాళ్ళతో తడిమి చదివేసేది. కానీ ఏనుగుకి తెగని ఆ గూడు తొలకరి గాలికి మాత్రం చిరిగిపోతుంది, ఆలోగా కొన్నే చదవగలదు. అందుకని ఎవరివి చదవాలో ఎంచి, టేకాకు పొట్లాలు కట్టి తెచ్చే పని జిత్తప్ప అనే నక్కకి అప్పజెప్పింది. దొంగ చేతికి తాళాలు ఇచ్చినట్టు!

ఆ వేసవిలో గోదురుకప్ప పిల్లలకి బూజు తెగులు పట్టింది. ఒళ్ళంతా తెల్లబడి రాలిపోతున్నాయి. గరుకమ్మ అనే గోదురుకప్పకి వాగు నిండా పిల్లలుండేవి. ఇప్పుడు దోసిట్లో పట్టేటన్ని మిగిలాయి. అవే నీళ్ళలో మునిగే గరుకమ్మకి మాత్రం తెగులు అంటలేదు. ఎందుకో పోగు చదివితేనే తెలిసేది. గెంతుకుంటూ నక్క దగ్గరికి పోయింది.

"నక్కన్నా, నాదీ ఒక పొట్లం కట్టవూ? పిల్లలు పోతున్నారు."

జిత్తప్ప మూతి ఎగరేసింది. "నీదా? పులిరాజుదీ, నెమలమ్మదీ, దున్నదొరదీ ఉన్నచోట నీ బొడిపెల తోలా? చూసినవాళ్ళు నవ్వరూ?"

"పులికేం రోగమని చదవడం?"

"రోగం కాదే, పరువు! పేరెక్కించినందుకు పులిరాజు రేపు నాకో ఎముక పడేస్తాడు. నువ్వేం పడేస్తావు, ఈగనా?"

"నా పిల్లల ప్రాణాలకన్నా నీ ఎముక ఎక్కువైందిరా?"

"పోవే మురికిగుంటదానా! ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందట!"

గరుకమ్మకి ఒళ్ళు మండిపోయింది. ఆ మంటకి అది కూర్చున్న బండ కాలి, ఏడూళ్ళవాళ్ళు దాని మీద జొన్నరొట్టెలు కాల్చుకున్నారు. "నా పిల్లలది ప్రాణం కాదూ? చూస్తా, వీడి సంగతేమిటో చూస్తా," అనుకుంటూ నక్క వెంటపడింది.

పులి ఒంటి మీద వెంట్రుక పీకే గుండె నక్కకెక్కడిది? పుట్ట చాటున కూర్చుని తన తోకలోనే పీక్కుంటోంది. పొట్లాలు కట్టి, ఒకదాని మీద పులి గోరు, ఒకదాని మీద నెమలి కన్ను, ఒకదాని మీద దున్న కొమ్ము గీసింది. "పోగుకి మొహముంటుందా ఏం, ఎవరిదైతేనేం!" అని ఇకిలించి, నీళ్ళు తాగడానికి వెళ్ళింది.

అడవి మొత్తానికే ఇంత మోసమా అని గరుకమ్మ కోపంతో ఉబ్బిపోయింది. పులి పొట్లం విప్పి, వెంట్రుకలు ఊదేసి, పొద్దున పోయిన పిల్ల తోలుముక్క గుండెకి అదుముకుని, తనే లోపల దూరి ఆకు మూసుకుంది.

నక్క తిరిగొచ్చి పొట్లాలన్నీ నోట కరుచుకుని పరుగెత్తింది. గోదురుకప్పని నొక్కితే బొడిపెల్లోంచి తెల్లటి పాలు కారతాయి. ఊళ్ళో కుక్కలన్నిటికీ తెలిసిన సంగతి ఈ మహాతెలివిగల నక్కకి తెలీదు. సగం దారిలో నాలుక మొద్దుబారింది. గూడు చేరేసరికి నోటి వెంట నురగే నురగ. అందులో పడి రెండు కుందేళ్ళు కొట్టుకుపోయాయి.

"ఇది పులిరాజు పొట్లమేనా?" అంది అవ్వ.

"బ్బ... బ్బ... బ్బ..." అంది నక్క. నోటితో బతికేవాడికి నోరే పడిపోయింది.

పొట్లం విచ్చుకుంది. గరుకమ్మ బయటికి గెంతింది. "పులిని కాదవ్వా, గరుకమ్మని! తక్కిన పొట్లాలు నువ్వే చదువు. చదివాక వీడి తోక చూడు!"

అవ్వ నెమలి పొట్లం తడిమింది. నక్క. దున్న పొట్లం తడిమింది. అదీ నక్కే. తోక వంక చూసింది. చీపురుపుల్ల.

"థూ! వీడొక్కణ్ణే మళ్ళీమళ్ళీ చదివి, అడవంటే ఇదేనని చాటి ఉండేదాన్ని కదురా!"

గుట్ట కింద మేస్తూ ఆ మాట విన్న దున్నదొర కొమ్ములు దించి తరిమితే, నక్క మూడు గుట్టలు ఒక్క దూకులో దాటింది.

అప్పుడు అవ్వ తల్లి పోగూ పిల్ల పోగూ పక్కపక్కన బిగించి, తడిమి తడిమి ఒకచోట ఆగింది. "ఇదిగో, ఇక్కడ నీకో ముడి ఉంది, పిల్లకి లేదు. ఈ ముడి వల్లే నీ పాలు తగిలితే బూజు చస్తోంది. పో, మిగిలిన పిల్లల ఒంటికి ఆ పాలు పుయ్యి."

"నక్క నోరు కాల్చిన పాలా?"

"ఆ పాలే. నీ పిల్లల్ని కాల్చవులే."

పూసింది. బతికాయి. తొలకరి రాత్రి అవన్నీ కలిసి అరిస్తే గుట్ట జానెడు పక్కకి జరిగింది. ఇప్పటికీ అక్కడే ఉంది.

ఒక్క నక్కనే అడిగితే, అడవంతా నక్కలే అంటుంది.

విన్నావుగా, ఇంక లే. పెరట్లో నీళ్ళతొట్టి కింద గోదురుకప్ప ఉంటుంది. ఎండకి అల్లాడుతూంటుంది, చెంబెడు నీళ్ళు చిలకరించిరా. నోట కరుచుకోకు సుమా!