అడిగిన రంగు

ఆ రోజు మధ్యాహ్నం చెంగయ్య వచ్చి పెంచలయ్య గురువుగారి కాళ్ల దగ్గర కూలబడ్డాడు.

"అయ్యా, రంగు కుదిరింది. ప్రాణం నిలవడం లేదు. నేనేం తప్పు చేశాను?"

పక్కనే చేటలో బియ్యం చెరుగుతున్నాను నేను. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఏం తప్పు చేశాడో వాడికి తెలియదంట!

మా మఠం పులికాట్ సరస్సు ఒడ్డున ఉంది. నాది అక్కడ వంటపని. చెంగయ్య శిష్యుడిగా చేరి ఆరేళ్లు. వచ్చేటప్పుడు కొన్ని మస్కోవీ బాతుల్ని వెంట తెచ్చుకున్నాడు. మొహం మీద ఎర్రటి కండ పేరుకుని ఉంటుందే, ఆ రకం. మామూలు బాతుల మాదిరి అరవవు, బుస కొడతాయి అంతే. పెట్టలన్నీ నల్లవి. ఒక్క పోతు మాత్రం నీలంగా, ఆరిన పొయ్యిలో బూడిద రంగుతో ఉండేది. అబద్ధమెందుకు, దాన్ని చూస్తే నాకే ముచ్చటేసేది.

మందంతా ఆ రంగులో ఉండాలని వాడికి పిచ్చి పట్టింది. ఆ పోతుకి మొదటి ఏడాది పుట్టినవన్నీ నల్లవే. ఆ కూతుళ్లనే మళ్లీ తండ్రికి జతకట్టాడు. ఈసారి సగం నల్లవి, సగం నీలివి దిగాయి. నీలివాటిని గంప కింద పెట్టి నూకలు పోశాడు. నల్లవాటిని నీళ్లతొట్లో ముంచాడు.

పుట్టుకతో ఈత వచ్చిన పిల్లలు అవి. ముంచి చంపాలంటే అరచెయ్యి అదిమిపెట్టి ఉంచాలి. నేను చూశాను. ఆ పూట నాకు అన్నం దిగలేదు.

గురువుగారూ చూశారు. "పెరగనీరా అబ్బయ్యా, వాటి తిండి అవి ఏరుకుంటాయి గదా" అన్నారు.

"ఒక్కటున్నా రంగు చెడిపోద్దయ్యా" అన్నాడు చెంగయ్య.

ఆయన రెండోసారి చెప్పే మనిషి కాదు. నాకైతే ఆ తొట్టి ఎత్తి వాడి నెత్తిన కుమ్మరించాలనిపించింది.

తర్వాత అన్నకి చెల్లి, కొడుకుకి తల్లి, అట్లా నీలివాటిని నీలివాటికే కలుపుతూ పోయాడు. మూడేళ్లకి మందలో నల్లటి ఈక లేదు. ఊళ్ల నుంచి మనుషులొచ్చి ఫోన్లలో ఫొటోలు తీసుకుని పోయేవాళ్లు. వాళ్ల ముందు వీడి నడకే మారిపోయేది. ధ్యానానికి కూచున్నా చెవి బాతుల గూటివైపే ఉండేది.

ఆ పైన గుడ్లు పిగిలి పిల్ల దిగడం తగ్గింది. దిగిన పిల్లలు మెడ నిలపలేక వారంలోపే పోయేవి. పోతులు ఒక్కొక్కటే కాళ్లు పడిపోయి చచ్చాయి. చివరికి ఒక్క పెట్ట మిగిలింది, మొదటి నీలి కాన్పులోది. వయసు మళ్లింది. ఆఖరి పోతు పోకముందు దాంతో కలిసి, పదకొండు గుడ్లు పెట్టి పొదుగుతోంది. ఇంక పెట్టదని వాడికీ తెలుసు. ఆరేళ్ల కష్టమంతా ఆ రెక్కల కిందే ఉంది.

ఈ బాతులకి ముప్పై అయిదు రోజులకి పిల్ల దిగాలి. అవాళ్టికి నలభై. ఒక్క గుడ్డు మీదా నెర్రె లేదు.

చెంగయ్య అడిగింది విని గురువుగారు లేచారు. నా చేతిలో చేట తీసుకుని బియ్యం బుట్టలో పోసేశారు.

"గుడ్లు తీసుకురా" అన్నారు.

పెట్ట బుస కొట్టింది. వాడి మణికట్టు గోళ్లతో చీరేసింది. నెత్తురు కారుతుండగానే పదకొండూ చేటలో పెట్టి తెచ్చాడు. గురువుగారు తన పైపంచె నేల మీద పరిచి, మొదటి గుడ్డు గడప అంచుకి కొట్టారు.

నిండుగా తయారైన పిల్ల. తల రెక్క కింద పెట్టుకుని, నిద్రపోతున్నట్టే ఉంది. పంచె మీద పడుకోబెట్టారు.

"ఏం రంగు?"

చెంగయ్య వంగి చూశాడు. "నీలం."

"నువ్వు అడిగిందేనా?"

"అడిగిందే అయ్యా."

రెండోది కొట్టారు. "ఏం రంగు?"

"నీలం."

"నువ్వు అడిగిందేనా?"

"అవునయ్యా."

నాలుగోది కుళ్లింది. నేను ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకున్నాను. ఆయన పెట్టుకోలేదు. దాన్నీ వేలితో తుడిచి, మిగతావాటి పక్కనే ఉంచి, అదే మాట అడిగారు. గొంతులో కోపం లేదు. కోప్పడి ఉంటే చెంగయ్యకి తేలికగా ఉండేది.

ఏడో గుడ్డు దగ్గర వాడు చేతులు జోడించాడు. "చాలయ్యా" అన్నాడు.

"చెప్పు నాయనా. అడిగింది వచ్చిందో లేదో చూసుకోవాలి గదా."

"నీలం" అన్నాడు వాడు. "నేను అడిగిందే."

పదకొండూ అయ్యాయి. పంచె మీద వరస తీరింది. రంగులో ఒక్కదానికీ వంక లేదు, ఒక్క నల్ల మచ్చ లేదు. ఎండలో తడి ఆరేకొద్దీ నూగు విచ్చుకుని ఆ రంగు ఇంకా బాగా తేలుతోంది.

చెంగయ్య వాటినే చూస్తూ, "నల్లవి దిగిన రోజే పరిగెత్తేవి" అన్నాడు. మాతో కాదు. "ఒక్కదాన్ని ఉంచుకున్నా..."

నేను పొయ్యిలో కట్టె సర్దుకుంటున్నట్టు మొహం తిప్పుకున్నాను. ఇన్నేళ్లుగా వాణ్ణి తిట్టుకున్నదాన్ని, ఆ క్షణాన ఒక్క తిట్టూ నోటికి రాలేదు.

"ఇంక నేనేం చెయ్యాలయ్యా?" అని అడిగాడు.

గురువుగారు పంచె నాలుగు కొసలూ కలిపి మూట కట్టారు.

"వీటిని నేను పూడుస్తా. నువ్వు పోయి తల్లికి చెప్పు."

"ఏమని చెప్పేది?"

"రంగు సంగతి వదిలెయ్. దాంతో ఆమెకి పనిలేదు. మిగతాదంతా చెప్పు."

చెంగయ్య లేచాడు. గూటి దగ్గరకి పోయి మోకాళ్ల మీద కూచుని, ఖాళీ చేతులు లోపలికి చాపాడు.

పెట్ట ఈసారి బుస కొట్టలేదు. గుడ్లు తిరిగి తెచ్చాడనుకుంది కాబోలు, కొంచెం పక్కకి జరిగి చోటిచ్చింది.