తక్కువ పడిన పూట

విద్యుత్ సంస్థలో వైజయంతిది ఒక్కటే పని. రేపు జిల్లాకు ఎంత కరెంటు కావాలో ఇవాళే చెప్పాలి. అంతే కొంటారు. ఎక్కువ చెబితే నష్టం. తక్కువ చెబితే చీకటి.

ఆ ఏడాది ఆనకట్టల్లో నీళ్ళు లేవు. బొగ్గు రైళ్ళు ఎప్పుడొస్తాయో తెలీదు. గాలిమరలు ఒకపూట తిరిగితే ఇంకోపూట తిరగవు. మొన్న వాడకం తగ్గేలా వాన పడుతుందనుకుని తగ్గించి చెప్పింది. పడలేదు. కోత ఎప్పటిలాగే పల్లెల మీద పడింది. ఒక పల్లె ఆస్పత్రిలో సెల్‌ఫోన్ వెలుగులో కాన్పు చేశారు. తల్లీబిడ్డా బతికారు. వైజయంతికే అప్పట్నుంచి ముద్ద దిగడం లేదు.

తన గురువు, సూఫీ పెద్దాయన బుడన్ సాహెబ్ ముందు వచ్చి కూలబడింది.

"బాబా, రేపు వాన పడుతుందా? అదొక్కటి చెప్పండి. లేదంటే ఈ ఉద్యోగం నావల్ల కాదు. ఇవాళే మానేస్తాను."

"నాకే తెలిస్తే, లుంగీ బయట ఆరేసి తడిపానని మీ అమ్మీతో తిట్లెందుకు తింటాను?" అన్నాడాయన. "లే తల్లీ. ఎసట్లో బియ్యం పొయ్యి."

ఆ ఇంట్లో మధ్యాహ్నం ఎవరొచ్చినా అన్నం పెడతారు. ముందొచ్చినవాళ్ళు బియ్యం కొలవాలి. ఎంతమంది వస్తారని అడగకూడదు. అదక్కడి పద్ధతి.

వైజయంతి అలవాటు కొద్దీ అడిగేసింది.

"వచ్చాక చూద్దాం" అన్నాడు బాబా.

నిన్నటి జనాన్ని, ఎండని, ఏవేవో తలుచుకుని కొలిచింది. అన్నం వార్చేసరికి ఇటుక బట్టీ కూలీలు పిల్లాజెల్లాతో దిగారు. వడ్డన మొదలైంది. సగం వరసలకే గిన్నె అడుగు కనబడింది.

వైజయంతి బాబా చెవి దగ్గర వంగింది.

"ఆ చివర కూర్చున్నవాళ్ళకి తలా కాస్త తగ్గిద్దామా? వాళ్ళేమీ అనరు."

బాబా తన కంచంలో సగం తీసి గిన్నెలో వేశాడు. లేచి, ఆమెకని మూసి ఉంచిన కంచం తెరిచి, అందులోనూ సగం తీశాడు. అది చూసి, ముందు వరసవాళ్ళు ఇంకా చెయ్యి పెట్టని కంచాలు ముందుకు జరిపారు.

అందరూ తిన్నారు. ఎవరికీ కడుపు నిండలేదు.

"ఇవాళ బియ్యం కొలిచిన మహాతల్లి ఎవరో గానీ చెయ్యి మహా బిగువు" అంది చివరి వరసలో ఒకామె చెయ్యి కడుక్కుంటూ. నలుగురూ నవ్వారు. ఎన్నాళ్ళకో వైజయంతికీ నవ్వొచ్చింది.

ఆఫీసు నుంచి ఫోన్. "మేడం, రేపటికి ఎంత?"

ఆకాశం వైపు ఒకసారి చూసి, తోచిన అంకె చెప్పింది.

"తక్కువ పడితే మామూలుగా పల్లె లైన్లే తీసెయ్యమంటారా?"

"వద్దు. ముందు మన ఆఫీసు, మన కాలనీ తియ్యండి."

"మేడం... కాలనీలో పెద్దసారు ఇల్లుంది."

"నాదీ అక్కడే ఉంది" అంది వైజయంతి.