చింతపండుతో తోమిన రూపాయి

అడవి అంచున, పాడుబడ్డ కోట దిబ్బల దగ్గర పోలి అనే గాడిద ఉండేది. ఉప్పు బస్తాలు మోసి మోసి దాని వీపు కాయలు కాసింది. దానికి ఉన్నదల్లా ఒక పిల్ల, ఎప్పుడో దిబ్బ మీద మేస్తుంటే కాలికి తగిలిన ఒక పాత వెండి రూపాయి.

ఒకనాడు పిల్లకు జ్వరం వచ్చింది. ఒళ్లు పెనంలా కాలిపోతోంది. తెల్లవారగానే పక్కనున్న మేకను కాపలా ఉంచి, రూపాయి నోట కరుచుకుని, పోలి ఎలుగుబంటి వైద్యుడి దగ్గరికి పరుగుతీసింది.

దారిలో నక్క ఎదురైంది. "ఎక్కడికక్కా, అంత హడావిడి?"

పోలి రూపాయిని నేల మీద పెట్టింది. "పిల్లకి మందు కోసం తమ్ముడూ. వైద్యుడికి ఇది ఇద్దామని."

"ఇదా? మసిబొగ్గులా ఉంది! ఇది చూపిస్తే ఆయన గుమ్మం ఎక్కనిస్తాడా? ఇలా ఇవ్వు, చింతపండు పెట్టి తోమి తెస్తా."

"ఆలస్యం అవుతుందేమో..."

"చిటికెలో పని. కూర్చో."

ఆ చిటికె పొద్దు నడినెత్తికి వచ్చేదాకా సాగింది. చివరికి నక్క బొరియలోంచి తళతళలాడే రూపాయి తెచ్చి ముందు పెట్టింది. పోలి దాన్ని నోట పట్టి చూసి, మళ్లీ కింద పెట్టింది.

"ఇదేంటి తమ్ముడూ, తేలిగ్గా ఉంది?"

"మురికంతా పోయింది కదక్కా, బరువు తగ్గదూ?"

పుట్టినప్పటి నుంచీ బరువులు మోసిన పోలి, పాపం, ఆ మాట నమ్మింది. ఆ మెరుపు చూసి దానికి కడుపు నిండిపోయింది మరి. "చల్లగా ఉండు తమ్ముడూ" అని నక్కను దీవించి మరీ బయల్దేరింది.

ఎలుగుబంటి త్రాసులో ఒకవైపు ఆ రూపాయి, ఇంకోవైపు తన దగ్గరున్న పాత రూపాయి వేసింది. పోలి రూపాయి ఉన్న పళ్లెం పైకి లేచిపోయింది. గోటితో అంచు గీకితే లోపల ఎర్రగా రాగి బయటపడింది.

"వెండి పూత పూసిన రాగి బిళ్ల ఇది. అక్షరాలు చూడు, ఎంత మొద్దుగా ఉన్నాయో. ఎవరిచ్చారమ్మా?"

పోలి జరిగింది చెప్పి బావురుమంది. "నాది నల్లగా ఉంటే మీరు తీసుకోరేమోనని..."

"పాత వెండి నల్లబడక ఏం చేస్తుందే, పిచ్చిదానా! అసలు నువ్వేమీ తేకపోయినా మందు ఇచ్చేవాణ్ణి. పొద్దున్నే రావలసింది. ముందు ఈ వేరు తీసుకుని పరిగెత్తు."

పోలి ఇల్లు చేరేసరికి మేక గుమ్మంలోనే ఏడుస్తోంది.

"ఇందాకే పోయిందమ్మా. చివరిదాకా నీ అడుగుల చప్పుడు కోసం చెవులు రిక్కించుకునే ఉంది."

పోలి ఆ వేరును పిల్ల నోటి దగ్గర పెట్టింది. ఒక్కసారి నాకమని మూతితో తడుతూ చాలాసేపు బతిమాలింది.

నీతి: మెరుగు కోసం మనం ఆగుతాం గానీ, ఆపద మన కోసం ఆగదు.